లక్క గాజు తొడుక్కున్న గొంతు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను పెంచి చెప్తాను. ఇది మా ఆవిడకు తెలుసు, నేను గుమాస్తాగిరీ వెలగబెడుతున్న ఆఫీసుకు తెలుసు, ఛత్రినాకలో నాకు చాయ్ పోసే ప్రతి మనిషికీ తెలుసు. మా ఇంట్లో దీనికొక లెక్క కూడా ఉంది. నేను చెప్పిన ఏ అంకెనైనా మా ఆవిడ మూడుతో భాగిస్తుంది. "తొమ్మిది మంది చుట్టాలొస్తున్నారు" అని నేనంటే ముగ్గురికి బియ్యం పోస్తుంది. ఇరవై ఏళ్ల కాపురంలో ఒక్కనాడూ అన్నం చాలకపోలేదు, మిగిలిందీ లేదు. మీరూ మొహమాటపడకుండా భాగించుకుంటూ చదవండి. అయితే పెంచడం వేరు, పుట్టించడం వేరు. పెంచాలంటే ముందు ఎంతో కొంత ఉండాలి కదా. ఈ రాసేదాంట్లో అసలు జరగనిది ఒకే ఒక్క ముక్క ఉంది. అదేమిటో చివర నేనే చెప్తాను. మధ్యలోనే మీకు దొరికిపోతే మీ కళ్లకు దిష్టి తీయించుకోండి.

పోయిన వారం నా ఫోను లావెక్కింది. లోపల బ్యాటరీ ఉబ్బి, వెనక అద్దం లేచి, నూనెలో వేసిన పూరీలా పొంగింది. చొక్కా జేబులో పెట్టుకుని బయల్దేరితే ఎదురొచ్చినవాళ్లు నా గుండెకేదో వాపు జబ్బు చేసిందనుకుని దారిచ్చారు. సర్వీసు సెంటరుకి తీసుకెళ్తే అక్కడి అమ్మాయి దాన్ని ముట్టుకోకుండానే, "సర్, ఇది అతికించి వచ్చే మోడల్. బ్యాటరీ మార్చడం కుదరదు. కొత్త ఫోన్లు చూపించమంటారా?" అంది. మోకాళ్ల నొప్పులని డాక్టరు దగ్గరికి వెళ్తే, ఇంకో జన్మెత్తి రమ్మన్నట్టుంది.

సంతోష్‌నగర్‌లో ఫోన్లు బాగుచేసే చిన్న షాపొకటుంది. దాని ఓనరు మాట తక్కువ మనిషి. ఫోను తీసుకుని, వేడి గాలి ఊది, సన్నటి రేకు లోపలికి దూర్చి అద్దం లేపాడు. లేపి లోపలికి వంగి చూశాడు.

"అన్నా, మీ ఇంట్ల పెండ్లి గిట్ల అయిందా?"

"లేదే. ఎందుకు?"

"మరి ఫోన్ల గీ నగ్ ఎట్లొచ్చింది?"

చిన్న పట్టకారు కొసతో చూపించాడు. బ్యాటరీ పక్కన, ఖాళీ మూలలో, గాజులకు పొదిగే ఎర్ర రాయి ఒకటి. ఆవగింజంత ఉంది. నాకైతే కందిపప్పంత కనిపించింది. షాపులో ఉన్న పద్దెనిమిది మందీ తిరిగి చూసేలా నవ్వాను.

అది ఖాలా సంతకం.

ఖాలా అంటే పిన్ని. ఆమెను మా గల్లీలో హిందువులూ ముస్లింలూ, ముసలివాళ్లూ పసివాళ్లూ అందరూ ఖాలా అనే పిలిచేవాళ్లు. అసలు పేరు ఎవరూ అడగలేదు. పోయిన చలికాలం ఆమె పోయినప్పుడు ఎవరో పేరు పెట్టి చెప్తే, ఎవరో వేరే ఆవిడ అనుకుని "అయ్యో పాపం" అని నా దారిన నేను ఆఫీసుకు పోబోయాను.

ఆమె ఇంటి ముందుగది తలుపు నేరుగా గల్లీలోకే తెరుచుకునేది. గుమ్మంలో పీట, పీట ముందు బొగ్గుల కుంపటి, కుంపటి మీద ఇనప పలక. నలభై ఏళ్లు ఆ పలక మీద లక్కను వేడి చేసి, మెత్తబరిచి, గుండ్రంగా తిప్పి, ఒక్కొక్క రాయీ పొదిగి గాజులు చేసింది. వేళ్ల కొసలు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. మనం ఆరబెట్టిన వడియాన్ని తీసి చూసినట్టు నిప్పుకణికను చేత్తో తీసి పక్కన పెట్టేది.

లక్క గాజుల మనిషి ఫోన్లలోకి ఎలా వచ్చిందంటే, ఒకసారి ఆమె ఫోనుకే బ్యాటరీ చచ్చిపోయింది. షాపువాడు జిగురుతో అతికించి ఉంది, రాదన్నాడట. "జిగురా? ఏం జిగురు?" అని అడిగిందట. వాడికి తెలియదు. ఫోనును ఇంటికి తెచ్చి, చల్లారుతున్న పలక మీద బోర్లా పడుకోబెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "ఏం లేదు. ఇది మన లక్కకు సవతి చెల్లెలు. వేడి చూపిస్తే లొంగుతది" అంది. లొంగింది. ఆ నెలలో మా గల్లీలో మూలుగుతున్న ఫోన్లన్నీ ఆమె గుమ్మం ముందు వరస కట్టాయి. వచ్చే నెలకు పక్క గల్లీవీ, ఆ పైన ఊరి అవతలివీ.

ఆమె దగ్గర వేడి కొలిచే పరికరం ఏదీ లేదు. మణికట్టు లోపలి వైపు పలకకు వెంట్రుకవాసి దూరంలో పెట్టి, కళ్లు మూసుకుని, "ఇంక జర" అనేది, లేకపోతే "ఆగు" అనేది. మొదట్లో కుడి మణికట్టుతో చూసేది. తర్వాత ఎడమకు మారింది. ఎందుకు మారిందని ఇప్పుడే అడక్కండి.

జిగురు మెత్తబడగానే సందులోకి దూర్చడానికి ఆమెకొక ఎక్స్‌రే ఫిల్ము ఉండేది. అది వాళ్లాయన మోకాలిది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ ఫిల్మునే పట్టీలు పట్టీలుగా కత్తిరించి వాడేది. నా ఫోన్ని నా కళ్ల ముందే ఆయన మోకాటి చిప్పతో తెరిచింది.

"బతికున్నన్ని దినాలు ఈ మోకాలు వంగలే బాబా. చాయ్ కప్పు గూడ లేచి తెచ్చుకోలే. ఇప్పుడు చూడు, ఎంత పని చేస్తున్నదో."

ఇక్కడ ఎవరికీ భాగించే పని లేదు. మోకాలు అక్షరాలా నిజం.

ఇంకో పద్ధతి ఉండేది ఆమెకు. ఫోన్ తెరిచాక ఊడివచ్చిన అద్దాన్ని దాని యజమాని చేతుల్లోనే పెట్టేది. రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చోవాలి. ఒంటి వెచ్చదనానికి అంచుల జిగురు గట్టిపడదని ఆమె చెప్పే కారణం. నెత్తి మీదికి రాకుండా చేతులు కట్టేయడమే అసలు కారణమని నా అనుమానం. ఒకరోజు లెక్కపెడితే గల్లీలో ఇరవై ఒక్క మంది అలా కూర్చుని ఉన్నారు, గుళ్లో ప్రసాదం పట్టుకున్నట్టు. ఫోనేమో పొట్ట తెరుచుకుని ఆమె ముందు పడుకుంది. చేతులేమో ఖాళీగా లేవు. ఇంకేం చేస్తారు, ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకున్నారు. మూడేళ్లుగా మొహాలు చూసుకోని ఇద్దరు తోటికోడళ్లు అలాగే అద్దాలు పట్టుకుని కూర్చుని, కాసేపు గోడను చూసి, ఇంకాసేపు కుంపటిని చూసి, చివరికి అత్తగారిని తిట్టుకుంటూ కలిసిపోయారు.

ఎవరైనా "ఖాలా, జర జల్ది" అన్నారో, అయిపోయారు. చేతిలో పని కింద పెట్టి, చాయ్ తెప్పించుకుని, చప్పరిస్తూ తాగేది. "లక్కకు తొందర తెల్వది. తొందరున్నోళ్లు ప్లాస్టిక్ గాజులు ఏసుకోవాలె." ఆ తర్వాత పలక మళ్లీ వేడెక్కాలి. కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లు ఆ మాట అనకుండా పాతవాళ్లు కళ్లతోనే కాపలా కాసేవాళ్లు.

"సీల్డ్" అన్న మాట వింటే ఆమెకు ఒళ్లు మండేది. "పుట్టిన కుక్కపిల్ల కండ్లు గూడ మూసుకునే ఉంటయి. తెరుస్తలేదా? అతికిచ్చినోడు మనిషే కద. ఊడదీసేటోడు గూడ మనిషే."

అన్నీ అయ్యాక, మూసే ముందు, లోపల ఎక్కడ చోటుంటే అక్కడ ఒక ఎర్ర రాయి అంటించేది. ఎందుకు ఖాలా అని అడిగితే, "రేపు ఇంకెవడో తెరుస్తడు. తెరిసేటోనికి తెల్వాలె కద, ఇది ఒకపారి తెరుసుకుందని. గప్పుడు వానికి ధైర్యమొస్తది" అంది. మా వైపు ఎన్ని ఫోన్ల కడుపుల్లో ఆ ఎర్ర రాయి ఉందో లెక్క చెప్పగలను గానీ, మీరు మూడుతో కాదు, ముప్ఫైతో భాగిస్తారు.

ఇప్పుడు మా బావ సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ ఖాలా సగమే.

మా బావ అంటే మా అక్క మొగుడు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో వేలంపాట పాడతాడు. తెల్లవారకముందే రైతులు బంతీ చేమంతీ కుప్పలు పోస్తే, కుప్ప పక్కన నిలబడి పాట పెంచేవాడన్నమాట. కొన్నేళ్ల కింద గొంతులో గడ్డ వచ్చి, ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. దానికి బదులు ఒక మిషను ఇచ్చారు. చూడ్డానికి చిన్న టార్చిలైటులా ఉంటుంది. దవడ కింద ఆనించి మీట నొక్కితే అది గుర్రుమంటుంది, పెదవులు కదిపితే ఆ గుర్రే మాటలవుతుంది. మిక్సీకి తెలుగొచ్చినట్టు ఉంటుంది.

ఇంకెవరైనా అయితే ఇంట్లో కూర్చునేవారు. మా బావ వారం తిరక్కుండా మార్కెట్‌కి వెళ్లి ఆ మిషనుతోనే పాట పాడాడు. చిత్రమేమంటే అంత లొల్లిలో మామూలు గొంతులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, మా బావ గుర్రు మాత్రం విడిగా, తిన్నగా వచ్చి చెవిలో దిగుతుంది. ఎక్కడెక్కడి రైతులో ఆ గొంతును వెతుక్కుంటూ వచ్చి ఆయన ముందే కుప్ప పోయడం మొదలుపెట్టారు. "నాకు జలుబైనా గొంతు బొంగురు పోదు బామ్మర్దీ. చార్జింగ్ అయిపోతేనే పోతది" అని నన్ను ఎక్కిరించేవాడు.

పోయింది. ఎప్పుడు పోయిందనుకున్నారు, తెల్లవారితే సద్దుల బతుకమ్మ అనగా పోయింది. ఏడాదంతా అమ్మిన పూలు ఒక ఎత్తు, ఆ ఒక్క తెల్లవారుజాము ఒక ఎత్తు. మధ్యాహ్నం మాట మధ్యలో మిషను "గుర్ర్" అని, "గు" అని, ఆగిపోయింది. చార్జింగ్ పెడితే నిండినట్టు చూపిస్తుంది, తీస్తే చస్తుంది. కంపెనీ నంబరుకి నేనే ఫోన్ చేశాను. అవతలి గొంతు చాలా మర్యాదగా చెప్పింది. మిషను సీల్డ్ అట, బ్యాటరీ మార్చే ఏర్పాటు లేదట, మొత్తం కొత్తది తెప్పించుకోవాలట, ఇరవై రోజులు పడుతుందట.

మార్కెట్లో బావ పనిచేసే దుకాణపు సేటుకి ఈ సంగతి చెప్తే ఆయన చెడ్డవాడేం కాదు, ఉన్నమాటే అన్నాడు. "రేపు పాటగాడు లేకుంటే నడువది. ఇంకొకన్ని పిలుస్త. కాని వచ్చినోడు పండుగైనంక పొమ్మంటే పోతడా? నువ్వే చెప్పు."

మా అక్క గుమ్మంలో కూర్చుని ముక్కు చీదింది. "నోర్మూసుకో నోర్మూసుకో అని ముప్పై ఏండ్ల సంది అంటున్న తమ్మీ. గిట్ల మూసుకుంటడనుకోలే."

బావ మల్లెపూలు కట్టే కాగితం మీద రాసి నాకు చూపించాడు. "ఇరువై దినాలు మాట్లాడకుంటే నన్ను మర్చిపోతరు." అక్షరాలు వంకరపోయాయి. వేలంపాటలో నవ్వకుండా జోకులు వేసే మనిషి, ఆ కాగితాన్ని మడతపెట్టి మడతపెట్టి గోరంత చేశాడు.

సాయంత్రం నాలుగింటికి బావను ఖాలా గుమ్మం ముందు కూర్చోబెట్టి, కంపెనీ మాటా సేటు మాటా చెప్పాను. ఆమె మిషను అందుకుని, పలక దగ్గర పెట్టబోయి, ఆగి, వాసన చూసింది. రెండోసారి చూసింది. దాన్ని పక్కన పెట్టింది.

"ఇది జిగురు కాదు బాబా. ప్లాస్టిక్‌ని ప్లాస్టిక్‌లనే కరిగించి ఒకటి చేసిన్రు. వేడి పెడితే మొత్తం ముద్దయితది."

"అయితే?"

ఏ ఫోను వచ్చినా "ఎంతసేపు" అనే మనిషి, చీరకొంగుతో పలక తుడుస్తూ కూర్చుంది. బావ గోరంత కాగితాన్ని విప్పి ఆమె ముందు పెట్టాడు. ఆమె దాన్ని చూడలేదు.

"నాకు తెలుగు చదవొస్తలేదు. నీ మొఖం చదవొస్తది." నావైపు తిరిగింది. "బ్యాటరీ మారదంట, మనిషిని మారుస్తరంట. మనిషిని మార్చుడు ఎంత సులువుగైంది చూసినవా?"

అంటూనే లేచి లోపలికి వెళ్లింది. కళ్లకు పెట్టుకునే సుర్మా డబ్బీతో వచ్చింది.

మిషను మీద ఎక్కడా అతుకు కనిపించదు, గుడ్డులా నున్నగా ఉంది. ఆమె వేలితో సుర్మా తీసి దాని ఒంటినిండా పూసింది. మా బావ గొంతు బొగ్గులగనిలోంచి తీసినట్టయింది. తర్వాత మెత్తటి గుడ్డతో మెల్లగా తుడిచింది. నలుపంతా పోయింది, ఒక్క చోట తప్ప. నడుము చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి నల్ల గీత మిగిలింది. అతుకులో కూరుకుపోయిన సుర్మా అది.

"దొరికినవ్ బిడ్డా" అంది మిషనుతో.

గాజుల లోపలి ఇత్తడి కడియాలు కోసే సన్న రంపం తీసింది. ఆ నల్ల గీత మీదే, గీత దాటకుండా, తిప్పుకుంటూ తిప్పుకుంటూ కోసింది. తొమ్మిది గంటలు పట్టింది. సరే, మూడు. సరే, గంట. నేను మొబైలు లైటు పట్టుకున్నాను. రంపం కిర్రుమన్నప్పుడల్లా వెనక్కి జరిగితే "నీ ఫోనుకున్న ధైర్యం నీకు లేదు" అంది. అద్దాలు పట్టుకుని కూర్చున్నవాళ్లు కూడా మాట్లాడటం మానేసి మెడలు సాచారు. టక్ మని చిన్న చప్పుడైంది. మా బావ గొంతు రెండు చిప్పలుగా విడిపోయింది.

ఖాలా దగ్గర పాత గాజుల డబ్బాల్లో రకరకాల బ్యాటరీలుండేవి. అంకెలు మాత్రం బాగా చదివేది. పాతదాని ఒంటి మీద ఉన్న అంకెలు, కొత్తదాని ఒంటి మీది అంకెలు పక్కపక్కన పెట్టి, పెళ్లి జాతకాల్లా సరిచూసింది. కలిశాయి. తీగలు అతికింది. మూయబోతే కొత్తది రవ్వంత లావు. చిప్పలు కలవట్లేదు. నడుము దగ్గర గోరు దూరేంత సందు.

బావ కళ్లు మూసుకున్నాడు. నేను దేవుళ్లందరికీ పేరుపేరునా దండం పెట్టాను. ఖాలా మాత్రం నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది, పైవరస పళ్లలో ఒకటి లేదు, ఆ సందులోంచి నవ్వు ముందుగా వస్తుంది.

"సందుంటే ఏమైతది? సందు నింపుడే కద నా పని."

లక్క కడ్డీ తీసి పలక మీద పెట్టింది. కుడి మణికట్టు పెట్టి వేడి చూసింది. ఎర్రటి లక్కను పాములా సాగదీసి, మిషను నడుము చుట్టూ చుట్టి, సందంతా నింపి, చెక్కతో గుండ్రంగా దిద్దింది. అంటే ఏమైంది, మా బావ గొంతుకి లక్క గాజు తొడిగింది. అక్కడితో ఆగిందా, అలవాటైన చెయ్యి కదా, గాజు చుట్టూ వరసగా రాళ్లు కూడా పొదిగేసింది.

బావ అది చూసి తన ముంజేతిని పట్టుకుని గాజులు తొడుక్కున్నట్టు సైగ చేసి, తల అడ్డంగా ఊపాడు. మార్కెట్లో మగాళ్లు పరువు తీస్తారని ఆయన బాధ.

"ఏంది, గాజులేసుకున్నోడు పిరికోడా? ఎవరన్నరు?" అంది ఖాలా. "నలభై ఏండ్లు గాజులు చేసిన. ఏసుకున్న చేతులే అన్ని పనులు చేస్తున్నయి. ఇగ ఇది పాడైతే జర వేడి చూపిస్తే ఊడొస్తది. నీ గొంతు ఇప్పుడు ఎన్నిసార్లైనా తెరుచుకుంటది. పట్టు, మాట్లాడు."

బావ మిషనును దవడ కిందకు తీసుకెళ్తున్నాడు. సరిగ్గా అప్పుడు, వేడి పలక మీద, బుస్సుమంది. ఊడదీసిన పాత బ్యాటరీ ఎలా వచ్చిందో గానీ ఆ పలక మీదికి వచ్చి ఉంది. పొగ లేచింది. మామూలు పొగ కాదది, చార్మినారు మీద పావురాలు దగ్గి ఉంటాయి. అద్దాలు పట్టుకున్న జనం అద్దాలతో సహా చెదిరిపోయారు. ఇక నేనున్నాను కదా. గుమ్మం పక్కన ఎప్పుడూ ఉండే ఇసుక బకెట్టును ఒంటి చేత్తో ఎత్తి, ఒక్క ఊపున పలక మీద కుమ్మరించాను. బుస్సు ఆగింది. పొగ తగ్గింది.

ఆ పొగలోంచి గుర్రుమని మా బావ గొంతు. మధ్యాహ్నం నుంచి మూగబోయిన గొంతు పలికిన మొదటి మాటలు:

"బామ్మర్ది ఏడీ?"

నేను ఆయన వెనకే ఉన్నాను, ఖాళీ బకెట్టు పట్టుకుని. పొగలో కనిపించలేదంతే.

గోల విని రెండు గల్లీల అవతలి నుంచి మా అక్క పరుగెత్తుకొచ్చింది. ఖాలా ఆమెను చూస్తూనే, "భయపడకమ్మా. నీ తమ్ముడు షేర్ ఉన్నడు, పులి. ఇసుక పోసి అందర్ని కాపాడిండు" అంది. మా అక్క నా తల నిమిరింది. బావ మిషనును గొంతు దాకా తెచ్చి ఏదో అనబోయాడు. ఖాలా ఆయనవైపు చూసింది. ఆయన మిషనును మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆనందంతో మాట రాలేదనుకుంటాను.

తెల్లారుజామున నేనూ గుడిమల్కాపూర్ వెళ్లాను. బంతి కొండలు, చేమంతి గుట్టలు, గునుగు మోపులు, తంగేడు కట్టలు, కాలు పెట్టే చోటు లేదు. ముప్ఫై వేల మంది జనం. సేటు పిలిపించిన కొత్త పాటగాడు మెడకు రుమాలు కట్టుకుని, గొంతు సవరించుకుంటూ సిద్ధంగా ఉన్నాడు. మంచి గొంతే, అబద్ధం ఎందుకు చెప్పాలి. బావ వెళ్లి కుప్ప పక్కన నిలబడి మిషను తీశాడు. బల్బుల వెలుతురుకి ఆ ఎర్ర గాజు ధగధగలాడింది.

ఒక రైతు మొదలుపెట్టాడు. "ఏందన్నా, గొంతుకు గాజులు తొడిగినవ్?"

"అవ్‌నే. పండుగ గద. నీ పూలకు సొమ్ములున్నయి, నా మాటకు ఉండొద్దా?" గుర్రు మార్కెట్ ఆ చివరి దాకా వెళ్లింది. "బంతి, బంతి, బంతి. బతుకమ్మ అడుగుతున్న బంతి. పాడురి, పాడురి. నా గాజులు చూసుడు కాదు, పాట పాడురి."

నవ్వులు లేచాయి. నవ్వుల మీద పాట లేచింది. ఒకడంటే ఒకడు, వాడి మీద ఇంకొకడు, కుప్ప వెనక కుప్ప ఖాళీ అయింది. కొత్త పాటగాడు కాసేపు చూసి, మెడకున్న రుమాలు విప్పి మొహం తుడుచుకుని, "నీదే నడువనియ్యన్నా" అని చాయ్ తాగడానికి పోయాడు. నేను ఎగిరి గంతులేశాను. ఒక బుట్ట మీద పడ్డాను కూడా.

ఆ గాజు తర్వాత రెండుసార్లు వేడికి ఊడింది, బ్యాటరీ మారింది, మళ్లీ అతుక్కుంది. ఏటా బతుకమ్మకి బావ ఖాలాకి బుట్టెడు పూలు తెచ్చేవాడు. ఆమె వాటిని గల్లీలో పంచి, ఒక బంతిపువ్వు మాత్రం తీసి ఇసుక బకెట్టులో గుచ్చి, నావైపు చూసి ఆ పన్ను సందులోంచి నవ్వేది.

పోయిన వారం సంతోష్‌నగర్ షాపులో ఈ కథంతా చెప్పాను. ఇసుక పోసే చోట లేచి నిలబడి, చేతులు తిప్పి చూపించాను. మాట తక్కువ ఓనరు లోపలికి వెళ్లి నాకోసం కుర్చీ తెచ్చి వేశాడు. "కూసోన్నా. మీ అసొంటోళ్లు ఉండాలె" అన్నాడు. రాయి తీసెయ్యాల్నా అని అడిగితే ఉండనిమ్మన్నాను. కొత్త బ్యాటరీ వేసి, రాయి పక్కనే ఉంచి మూశాడు. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

బొగ్గుల కుంపటి నిజం. మోకాలు నిజం. సుర్మా నిజం, గాజు నిజం. అబద్ధం ఆ బకెట్టు.

పాత బ్యాటరీని ఇసుకలో వెయ్యమని ఖాలా నా చేతికిచ్చింది. నేను బావ మొహం చూస్తూ దాన్ని పలక మీద పెట్టాను. అది బుస్సుమనగానే గల్లీలో అందరికన్నా ముందు పరుగెత్తింది నేనే. పట్టకారు లక్కలో ఇరుక్కుని ఉంటే, ఖాలా కుడిచేత్తోనే ఆ బ్యాటరీని పట్టి ఇసుకలో పారేసింది. వేళ్లు మొద్దుబారినవే గానీ మణికట్టు కాదు కదా. మరునాటి నుంచి ఎడమ చేత్తో వేడి చూసుకోవడం మొదలుపెట్టింది. "బామ్మర్ది ఏడీ" అన్న మాటను నేను చాయ్ బండి వెనక కూర్చుని విన్నాను.

అయితే ఒక్క మనవి. ఆ అబద్ధాన్ని పుట్టించింది నేను కాదు. నేను తల దించుకుని తిరిగొచ్చేసరికి, మా అక్క గల్లీ మలుపు తిరుగుతోంది. ఖాలా కాలిన చేతిని కొంగులో దాచుకుని, రెండో చేత్తో మిగిలిన ఇసుకంతా పలక మీద కుమ్మరించి, ఖాళీ బకెట్టు నా చేతిలో పెట్టింది.

నిన్న వెళ్లి కొలిచాను. ఆమె గుమ్మం నుంచి చాయ్ బండి దాకా నూట ఇరవై అడుగులు. దీన్ని మాత్రం మూడుతో భాగించకండి.